వెనక గేటు

కొరిటెపాడు సందులో, మేడ మీద పన్నెండు మంచాలు.
గురువారం గురువారం నేనొస్తాను,
చేతిలో పదిహేను ప్రశ్నల కాగితం.
అవునుకో టిక్కు, కాదుకో టిక్కు.

మార్చి నెల. యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
వార్డంతా ఒకేసారి దగ్గుతుంది.
మస్తాన్‌బీ మాత్రం దగ్గదు.
నలభై ఏళ్లు తొడిమలు తీసిన ముక్కు ఆమెది.

"మీ బతుకు ఖాళీగా అనిపిస్తోందా?"
"మూడో మంచం ఖాళీ" అంది.
"మతిమరుపు ఎక్కువైందా?"
"దాని మీద దుప్పటి మార్చారు. నీలంది ఉండేది."
"ఏదో జరగబోతుందని భయమేస్తోందా?"
"జరిగిందిగా."

కేసుషీటులో రాసుంది:
నాలుగు రోజులుగా అన్నం ముట్టడం లేదు.
రాత్రిళ్లు లేచి వెనక గేటు దాకా పోతోంది.
మాత్ర సగం నుంచి ఒకటికి పెంచడమైనది.

కోటిరత్నం సంగతి ఎక్కడా రాసి లేదు.
ఆదివారం తెల్లవారుజామున, లైట్లు వేయకుండా,
చక్రాలకు నూనె రాసిన స్ట్రెచరు మీద
వెనక నుంచి తీసుకెళ్లారు,
మిగతావాళ్లు దిగులు పడతారని.
'ఊరెళ్లింది' అని చెప్పారు.
పదకొండు మందీ తలూపారు.
పెద్దవాళ్లు కదా,
మన అబద్ధం చిన్నబుచ్చుకోకూడదని.

"చెప్పులు మంచం కిందే ఉన్నయి గదా" అంది మస్తాన్‌బీ,
"ఉత్తికాళ్లతో ఏ ఊరెళ్లిద్ది?"

కాగితం మడిచాను.
"ఆమె ఎట్టా ఉండేది?"

పొగాకు కంపెనీలో గ్రేడింగు చేసేదట.
నిద్దట్లో కూడా వేళ్లు ఆకులు విడదీసేవట.
పప్పులో మిరపకాయ తగిలితే
తీసి ఈమె కంచంలో వేసేదట,
కారం పడక కాదు,
"నీ సరుకు నువ్వే చూసుకో" అని.
నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది.
చాలాసేపు తగ్గలేదు.
దగ్గు కాదని తెలిసే
మంచినీళ్లు అందించాను.

"ఒకరు ఏడిస్తే అందరూ అందుకుంటారండీ" అన్నాడు మేనేజరు.
ఏడవనీండి, అన్నాను.
ఫ్యాను వంక చూశాడు. చూద్దాంలెండి.

మళ్లీ గురువారానికి
ముందు గుమ్మం పక్కన స్టూలు మీద
అరిగిన చెప్పుల జత.
ఆయా ఎస్తేరు పెట్టిందట, ఎవరినీ అడక్కుండా.
మాత్ర ఇంకా ఒకటే. అన్నం సగం తిన్నదట.

మస్తాన్‌బీ నన్ను దగ్గరికి పిలిచి,
కొంగు ముడి సరిచేసుకుంటూ అడిగింది:
"నేను పోయిన్నాడు ముందు గేటు తీస్తారా?
అది కూడా అడగమని రాసుకో, ఆ కాగితంలో.
అవునన్న చోట టిక్కు పెట్టు."