ఒక పలుకు తక్కువ

కాశీబుగ్గ రైల్వే గేటు దాటాక
మూడో జీడి షెడ్డులో నేను లెక్క రాస్తాను.
పౌనుకి మూడొందల ఇరవై తూగే రకం,
టన్ను మీద కాస్త మొగ్గు, ఇవాళ్టి సరుకు.
పలుకుల్లోకి మారిస్తే
ఏడు లక్షల ఇరవై వేల చిల్లర.
ఆ చిల్లర ఏడొందల ఇరవై అనుకున్నాను,
ఎవరు లెక్కపెట్టొచ్చారు గనక?
పద్దు వెనక అట్ట మీద, పెన్సిలుతో, నా సరదాకి:

7,20,720

ఇద్దరికి పంచు, ముగ్గురికి పంచు, ఏడుగురికి పంచు.
ఏడు మామూలుగా ఎవరి మాటా వినదు,
ఇక్కడ వింది.
పదకొండు వింది. పదమూడు కూడా
కొంగు దులుపుకుని లేచిపోయింది
ఏమీ మిగల్చకుండా.
మా బల్ల చుట్టూ పదహారు మంది,
మనిషికి నలభై అయిదు వేల నలభై అయిదు.
చదివి వినిపిస్తే
బూడిద రాసుకున్న వేళ్ళు ఆపకుండానే దాలమ్మ అంది:
"తగువు నేని నెంబరన్నమాట.
మా ఇంట్లో ఇలాటిది పుట్టనేదు."

దాన్ని మిగులు లేకుండా భాగించేవి
ఒకటితో మొదలెట్టి తనతోనే ముగిస్తే
సరిగ్గా రెండొందల నలభై.
నమ్మక, మళ్ళీ వేసి చూసుకున్నాను.
రెండొందల నలభై అంటే
మా షెడ్డులో లావు పలుకు పేరు,
పై వరస డబ్బాలోది,
మేం ఒలుస్తాం గాని నోట వేసుకోనిది.

సోమవారం మందస వైపు నుంచి
పదిహేడో మనిషి వచ్చింది, కేదారి.
పీట వేశాం.
భాగించాను. అయిదు మిగిలాయి.
ఆ అయిదూ మేస్త్రీ నోట్లోకే పోతాయని అందరికీ తెలుసు.
కేదారి పీట వెనక్కి జరుపుకుంది,
తప్పు తనదే అన్నట్టు.

జరగకే, అన్నాను.
పదిహేడు అంతే, మొండిది,
దీని ఇంట్లో దానికి చుట్టరికం లేదు.
పద్దెనిమిది వేసి చూడు:
తలా నలభై వేల నలభై. మిగిలేది సున్న.
దానిలో ఉన్నవి రెండూ తొమ్మిదీనే,
ఆ ఇద్దరూ ఎప్పటినుంచో ఈ బల్ల దగ్గరే కూచున్నారు.
మనిషి ఎక్కువై కాదు,
ఇంకో మనిషి లేక వచ్చిన తకరారు ఇది.
"మా తోటికోడలు కాలీగానే ఉందప్పా," అంది కేదారి.
"మరి పంతొమ్మిదోదొస్తే?" అంది దాలమ్మ.
పన్నెండు మిగుల్తాయి.
అది వచ్చినప్పుడు చూద్దాం.

సాయంత్రం గేటు దగ్గర
కొంగు ముడులు విప్పించి చూస్తారు.
కొప్పు విప్పించరు.
సుకాంతి కొప్పులో, దువ్వెన పక్కన, తెల్లగా ఒకటి.
నేను చూశాను.

ఒకటి తీసేస్తే అది వేరే సంఖ్య.
రెండు నుంచి పదహారు దాకా
ఎంతమందికి పంచినా సరే
చివరి మనిషి దోసిట్లో ఒకటి తక్కువ.
ఇంతకుముందు అందరికీ సరిపోయినదే
ఇప్పుడు ఎవ్వరికీ సరిపోదు.

తరాజుకి తెలీదు. గ్రామున్నర బరువు,
ఫ్యాను తిరిగితే ముల్లు అంతకన్నా ఎక్కువ ఊగుతుంది.
పద్దులో ఎప్పట్లాగే టన్ను మీద మొగ్గు అని రాసి
యజమాని సంతకానికి పంపేశాను.
అట్ట మీద మాత్రం
చివరి ఇరవైని రబ్బరుతో చెరిపి
పంతొమ్మిది అని దిద్దాను.

సుకాంతి చిన్నదానికి పళ్ళొస్తున్నాయట.