సూదికన్న ముందు

హెడ్‌లైటు విప్పిన.
లోపట వైర్లన్నీ పిట్టగూడు లెక్క.
"బ్యాటరీకి డైరెక్టు ఇయ్యకు ఖాజా,
బందు చేసుడు మర్చిపోత" అన్నది జంగుబాయక్క.
"పొద్దుగాల సెల్ఫు తీస్కోకుంటె
కెరమెరి ఘాట్ల నన్నెవరు నూకుతరు?"

చాబీ తిప్పితేనే కరెంటొచ్చే తీగ దేవులాడి
రిలే పెట్టిన, ఐదు ఆంపుల ఫ్యూజు పెట్టిన.
ఎక్సలేటర్ దిక్కు వైరు జర వదులుగ ఇడ్సిన,
తిరిగే పిడి గద, తెంపుకుంటది.
ఎడమది బిగిచ్చి కట్టిన.

ఆ రెండు పిడుల ధర నా షెడ్డు కిరాయంత.
"గింత సోకెందుకక్కా, గ్లౌజులు సాలవా?"

ఎనక సీటుకు కట్టిన టీకాల డబ్బా చూపిచ్చింది.
"అది సల్లగుండాలె.
నేను గూడ సల్లగుంటె ఎట్ల?
పోయిన పుష్యంల, గూడెంల ఓ పసిది
సూది తియ్యకముందే ఏడ్సింది,
నా ఏళ్లు తొడకు తాకంగనే."

స్విచ్చి ఒత్తిన. ఎర్ర లైటు.
ఇద్దరం చెరో పిడి పట్టుకొని నిలబడ్డం,
రొట్టె పెంకు కాగేదాక చూసినట్టు.

ఎడమది కాగింది.
"మంచిగైంది, పోతనే" అన్నది అక్క.

"ఆగు."
కుడిది ఇంక సల్లగనే ఉన్నది.
పానా అందుకొని
ఎర్తు నట్టు ఇంకో సుట్టు తిప్పిన.