గట్టు లేని ఆట

సఖినేటిపల్లి రేవులో మోకు విప్పి
నరసాపురం రేవులో మోకు కడతాను.
మళ్ళీ ఇటు. మళ్ళీ అటు.
ఇంజను గది పక్కన డీజిల్ డబ్బా మీద కూర్చుని
మా కెజియా ఒక కప్పని దూకిస్తుంటుంది.

టోపీ పెట్టుకున్న కప్ప.
చెక్క మీంచి చెక్క మీదికి, కింద నీలం,
పడితే టుంగుమని ఓ చప్పుడు,
మళ్ళీ మొదలు.
నూట నలభై ఆరు. పడింది.
డెబ్బై. పడింది.
"నాన్నా, ఇదెక్కడ అయిపోద్ది?"
అయిపోదంటమ్మా, వస్తానే ఉంటాయంట చెక్కలు.
నమ్మనట్టు చూసింది.
పంటు మీద పెరిగిన పిల్ల,
అవతల గట్టు లేని నీళ్ళెక్కడ చూసింది గనక.

తిట్టడానికి నాకు నోరు రాదు.
నెల తక్కువ పిల్ల. ఐదేళ్ళొచ్చినా
కుడిచేతి వేళ్ళు బలపం పట్టలేదు.
అమలాపురం డాక్టరమ్మ బంకమట్టి పిసికించమంది,
సెనగలు ఏరించమంది.
సెనగలు తినేసేది.
చివరికి ఆ కప్పే దాని బొటనవేలికి ఓనమాలు దిద్దించింది.
మొన్న నా చొక్కాకి గుండీ పెట్టింది,
ఒక్కటే, మెడ దగ్గరది.
ఎండకి ఊపిరాడకపోయినా
పొద్దుగూకేదాకా విప్పలేదు నేను.

కానీ నిద్రలో కూడా ఆ వేలు
దుప్పటి మీద కొట్టుకుంటుంది.
అన్నం ముద్ద బుగ్గలోనే ఉండిపోతుంది.
పంటు పక్కనే నీటికాకి మునిగి
తనకంటే పొడుగు చేపతో లేస్తే
మోటారుసైకిళ్ళు దిగి మరీ చూశారు జనం.
అది తల ఎత్తలేదు.
"చెయ్యొచ్చింది సరే, పిల్లేదీ?" అంటుంది వాళ్ళమ్మ.

నిన్న పాటు నీరు.
నడిగోదాట్లో ఫోన్లో ఛార్జింగైపోయింది.
నల్లబడ్డ తెరలో తన మొహం కనబడితే
ఎవరో అన్నట్టు కాసేపు చూసుకుంది.
లేచొచ్చి గొలుసు దగ్గర నిలబడింది.
రేవు దగ్గరపడుతోంది.
పంటుకీ మెట్టుకీ మధ్య నీళ్ళు
తెరుచుకుంటా, మూసుకుంటా.
"ఆగండి, ఆగండి" సరంగు పోలయ్యగారి కేక.
అది తల కొంచెం వంచింది,
లోపల ఏదో లెక్క చూసుకుంది,
ఆ సందు మూసుకోబోయే అరక్షణంలో
దూకేసింది.

సరిగ్గా నేను దూకే చోట.
నాకా అరక్షణం దొరకడానికి ఏళ్ళు పట్టింది,
ఒక చీలమండ పోయింది.

కొట్టాలో ఎత్తుకోవాలో తెలీక
మోకు చేతిలోనే ఉండిపోయింది.
"ఇక్కడ మళ్ళీ మొదలుండదే తల్లీ" అన్నాను.
"పడలేదుగా" అంది.

రాత్రి అందరూ పడుకున్నాక
ఫోన్లోంచి ఆ కప్పని తీసేద్దామని తెరిచాను.
తీసేముందు ఒక్కసారి.
పదకొండు. పడ్డాను.
నలభై. పడ్డాను.
రెండో కోడి కూసేసరికి నూట పన్నెండు.
దాన్ని అందుకోవాలంటే ఇంకా ముప్పై నాలుగు.
తొలి పంటు కోసం రేవులో
ఎవరో హారన్ కొడుతున్నారు,
కొడతానే ఉన్నారు.