శాంపిల్ సీసా

రొయ్య మీసం ఎర్రబడితే చాలు
ఆ రాత్రి నాకు ముద్ద దిగదు.
చెక్ ట్రే పైకి లాగి, టార్చి వేసి,
పెంకు మీద తెల్లమచ్చ ఉందేమోనని
పురిటిబిడ్డని చూసినట్టు చూస్తాను.
తెల్లారకుండానే మూడో నంబరు చెరువు నీళ్లు సీసాలో పట్టి
సైకిలు మీద కాట్రేనికోన ల్యాబ్‌కి.
పదకొండేళ్లుగా ఇదే నా కొలువు.

నా ఒంటి సంగతి వేరు.
మడమ పుండు రెండు వానాకాలాలు మానకపోయినా
పసుపూ కొబ్బరినూనే.
ఒళ్లు తూలితే ఎండదెబ్బ అనేవాణ్ణి,
మబ్బు పట్టిన రోజు కూడా.
అమలాపురం వెళ్తే ఆసుపత్రి వీధి తప్పించి
చేపల మార్కెట్టు చుట్టూ తిరిగి బస్సెక్కేవాణ్ణి.

నవ్వకండి.
ఎదుర్లంక దగ్గర వంతెన లేని రోజులవి.
తమ్ముణ్ణి దుప్పట్లో చుట్టుకుని
నాన్న పంటు ఎక్కాడు, కాకినాడ పెద్దాసుపత్రికి.
రేవులో నేను. తొమ్మిదేళ్లు.
"అన్నయ్యా, నీకు జీళ్లు తెత్తా" అన్నాడు వాడు,
జ్వరం కళ్లతోనే.
నాలుగోనాడు పంటు దిగింది నాన్నా, దుప్పటీ.
దుప్పట్లో ఏదో వాసన.
అమ్మ ఏట్లో ఎన్నిసార్లు జాడించినా పోలేదు.
ఆ చలికాలం నాకు కప్పింది ఆ దుప్పటే.

మొన్న శ్రావణంలో ఓ రాత్రి
పోయిన కరెంటు చెప్పాపెట్టకుండా వచ్చింది.
ఏరియేటరు రెక్కల్లో నాచు తీస్తున్నాడు బిజయ్.
ఒరియా కుర్రాడు. తెలుగులో వాడికి వచ్చినవి
మేత, మోటారు, మావయ్యా.
ఆ మూడో మాటే అరిచాడు.

ఆటోలో వాడి చెయ్యి నా తువ్వాల్లో చుట్టి
ఒళ్లో పెట్టుకున్నాను.
ఆసుపత్రి గుమ్మం ఎప్పుడు దాటానో తెలీదు.
ముప్పై అయిదేళ్లు తప్పించుకు తిరిగిన గుమ్మం,
కాలికి తగలనైనా లేదు.

భయం తర్వాత వచ్చింది,
వాణ్ణి లోపలికి తోసుకెళ్లి తలుపు వేశాక.
బల్ల మీద కూర్చుంటే మోకాళ్లు వాటంతటవే ఆడుతున్నాయి.
అదే వాసన. దుప్పటి వాసన.
పారిపోదామని చెప్పుల్లో కాళ్లు పెట్టాను కూడా.
అప్పుడే ఊడ్చే ఆవిడ, సువార్తమ్మట,
బకెట్టు దించి "కాళ్లు ఎత్తు బాబూ" అంది.
ఎత్తాను.
తడిగుడ్డ కింద నుంచి గుప్పుమంది.
ఫినాయిలు.
నేల కడిగే ఫినాయిలండి, అంతే.
తెగులు రాకుండా నేను చెరువుకి బ్లీచింగ్ జల్లుతానే,
అలాగే ఆవిడా.
"ఆరేదాకా దిగకు, జారతావు" అని చెప్పి
అవతలి వరండాకి పోయింది.
వరదకి గట్టెక్కిన లంకమేకలా
కాళ్లు ముడుచుకుని ఆ బల్ల మీదే ఉండిపోయాను.
నేల ఆరేసరికి తెల్లారింది.

రెండు వేళ్లు పోయాయి బిజయ్‌కి.
మిగిలిన మూడింటితో నా చొక్కా అంచు పట్టుకుని
కట్టు మార్చిన ప్రతిసారీ నన్ను లోపలికి లాక్కెళ్లాడు.

భయం పోయిందంటే అబద్ధం.
ఇవాళా మెట్లెక్కుతుంటే అరచేతులు చెమర్చాయి.
ఆ చెమట చేత్తోనే చీటీ పట్టుకున్నాను.
ఇవాళ వాడి కట్టు కోసం కాదు,
నా మడమ కోసం, నా తూలు కోసం.

సలోమి సిస్టర్ సూది తీసింది.
నేను మొహం తిప్పుకున్నాను. బిజయ్ నవ్వాడు, వెధవ.
వేలెడు సీసాలో నా రక్తం,
నేననుకున్న దానికన్నా నల్లగా.
చేతికి పెన్ను ఇస్తే అలవాటు కొద్దీ
"మూడో నంబరు" అని రాయబోయాను.
"పేరండీ, పేరు" అందావిడ.
కొప్పాడి నూకరాజు అని రాశాను,
అక్షరాలు కూడబలుక్కుంటూ.

వయసు అడిగింది.
నలభై నాలుగు అన్నాను.
వాడికైతే నలభై.
అది ఆవిడ అడగలేదు.