హెడ్‌ఫోన్ పిన్ను

నేను ఫిర్యాదు చేసిన వారానికే
పై ఫ్లాటు మారికా హెడ్‌ఫోన్లు కొంది.
ట్రాము నడిపేవాణ్ణి, నాలుగింటికి లేవాలి.
నా తప్పేముంది?

ఇప్పుడు టాలిన్‌లో రాత్రి పదకొండు దాటాక
నా సీలింగు మీద పాట ఉండదు,
పాట తాలూకు ఎముకలుంటాయి.
టక్, టక టక్, కాస్త ఆగి మళ్లీ టక్.
పెడల్ తొక్కిన చోట
తడి కోటు నేల మీద జారినట్టు ఓ మెత్తని దెబ్బ.

లిఫ్టులో అడిగితే గాల్లో వేళ్లాడిస్తూ చెప్పింది:
"నిన్న కీబోర్డుని రెండుగా చీల్చాను.
ఎడమ చేతికి బేస్, కుడి చేతికి వేణువు.
జలుబుతో గొంతు దిగింది కదా,
ట్రాన్స్‌పోజ్ నొక్కి రెండు మెట్లు దించాను.
వేళ్లకి ఆ సంగతే తెలీదు."

నాకూ తెలీలేదు.
వేణువైనా వయొలినైనా కిందికి దిగేది ఒకటే టక్ టక్.
పడుకుని నాతో నేనే పందెం కాస్తాను:
మూడేసి అడుగులు, ఇది వాల్ట్జ్.
ఇది మాత్రం పాట కాదు, ఎవరి మీదో కోపం.

మొన్న, మంచు కురిసే రాత్రి ఒంటిగంటన్నరకి
పిన్ను ఊడింది.
చర్చి ఆర్గాన్, వాల్యూం చివరిదాకా!
తొమ్మిది అంతస్తుల కాంక్రీటు ఒక్కసారి నోరు తెరిచింది.
పట్టుమని రెండు కార్డ్‌లు, మూడోది సగంలో తెగింది.
ఎదుటి బ్లాకులో దీపాలు వెలిగాయి,
ఎవరి కుక్కో ఊళ పెట్టింది.
తర్వాత టక్ కూడా లేదు.

పొద్దున లిఫ్టు గోడకి చీటీ:
"క్షమించండి. ముప్పై నాలుగో నంబరు."
దాని కింద ఎవరిదో పెన్సిలు తిట్టు.
తిట్టు కింద, ఆలస్యమవుతున్నా, నేను రాశాను:
"మిగతాది ఎప్పుడు?"

ఐదు రాత్రులైంది. పైన అలికిడి లేదు.
నాలుగింటికి లేవాలి,
నిద్ర రాదు.