చెవి బొమిక

నలభై రెండేళ్ళు పందుల కబేళాలో
నా పని ఒకటే: బొమిక నుంచి మాంసం విడదీయడం.
నిమిషానికో తొడ. గొలుసు ఆగదు, చెయ్యి ఆగకూడదు.
పని మానేసిన రోజు వాళ్ళిచ్చిన గోడగడియారాన్ని
షెడ్డులో బోర్లా పెట్టి
దాని వీపు మీద ఇప్పుడు జిగురు కలుపుకుంటాను.

ఇప్పుడు బొమిక నుంచి మన్ను విడదీస్తున్నాను.
కోటి ఏళ్ళ కింద చచ్చినది,
సాయంత్రంలోగా కుళ్ళిపోతుందా ఏమన్నా
అనుకున్నాను మొదట్లో.
అలా అనుకునే ఒకదాన్ని చంపాను.

జట్లాండ్ దక్షిణాన, ఇటుకల కంపెనీ తవ్వి వదిలేసిన గుంత.
వాన పడ్డ మర్నాడు వెళ్ళాలి.
గేటు దగ్గర టికెట్టు, రబ్బరు బూట్లు, ఫ్లాస్కులో కాఫీ.
ఒకప్పుడు సముద్రం అడుగట, ఈ నల్లబంక.
అందరూ పారలు తెస్తారు. నాది కబేళా కత్తే,
అరిగి అరిగి చిటికెన వేలంత మిగిలింది.
మన్ను వెన్నలా తెగుతుంది
తెగుతుంది తెగుతుంది
ఒకచోట తెగదు.
ఆ తెగకపోవడం నా మణికట్టుకి తెలుసు.
అక్కడ కత్తి పక్కన పెట్టి
వేళ్ళతో వెళ్ళాలి.

మొదటేడు దొరికిన వెన్నుపూసని
పొయ్యి పక్కన ఆరబెట్టాను.
రాత్రంతా పేలాలు వేగినట్టు చిటపటలాడిందట.
ఇంగెలీస చెప్పింది. నాకు వినపడలేదు.
రంపం మోత నా చెవుల్ని ఎప్పుడో తినేసింది.
పొద్దున్నకి పళ్ళెంలో పెంకులు, తెల్లటి పొడి,
కాల్చిన అగ్గిపుల్ల వాసన.

అప్పట్నించి పచ్చి బాలింతని చూసుకున్నట్టే:
తడిగుడ్డ, దాని మీద పాత పేపరు, దాని మీద ప్లాస్టిక్కు,
వారానికో చుట్టు విప్పడం, గాలి తగలనివ్వకపోవడం.
స్నానాలతొట్టిలో పదకొండు పూసలు నానుతున్నాయి.
ఇంగెలీస చెల్లెలింట్లో స్నానం చేసి వస్తోంది.
జుట్టు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి ఏదో అంటుంది.
తలూపుతాను. అది ఊపాల్సిన మాట కాదని
తువ్వాలు విసిరినప్పుడు తెలుస్తుంది.

అక్టోబరులో దొరికింది అది.
పూసల వరస ఆగిపోయినచోట
పిడికిలంత ఇనుపరాయి గడ్డ.
గుంత కాపలా చూసే ఓవె కాలితో తన్నబోయాడు.
బరువు చూసి ఆపాను. రాయి బరువు వేరు,
రాయి పట్టుకున్నదాని బరువు వేరు.

రెండు చలికాలాలు.
గాలి కొట్టే సూదిపెన్ను, పైన దీపం, కళ్ళకి భూతద్దం.
గోరంత పొర పోతే ఆ రోజుకి భోజనం చేసినట్టే.
పెన్ను అదురు వేళ్ళలోంచి మోచేతికి,
మోచేతిలోంచి భుజానికి, దవడకి, పళ్ళకి పాకి
చాలా ఏళ్ళకి
నా తలలో ఏదో మోగింది.
ఇంగెలీసని పిలిచి చెబుదామనుకున్నాను.
ఏమని చెప్పాలి?

చివరికి బయటపడింది: గవ్వ.
గవ్వలాగే ముడుచుకుని, నల్లగా, నున్నగా, గాజులా చల్లగా.
మ్యూజియం నుంచి వచ్చిన సిగ్నె అనే పిల్ల
చేతులు కడుక్కుని మరీ పట్టుకుంది.
‘చెవి’ అంది. కాగితం మీద రాసి చూపించింది,
నాకు విననట్టు ఉందని.
చిన్న తిమింగలమట, పళ్ళున్న జాతి.
ఇవి దవడతో వింటాయి, అని కింద ఇంకో వాక్యం.
దాని కింద: ఇది చట్టప్రకారం దేశానిది.
తొట్టిలోవి కూడా.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని సామెత.
వాళ్ళు డబ్బా తేవడానికి కారు దాకా వెళ్ళినప్పుడు
చెవికి ఆనించుకున్నాను దాన్ని.
రెండు చెవిటి చెవులు, కాసేపు,
ఒకదాన్నొకటి ఇబ్బంది పెట్టలేదు.

రసీదు మీద సంతకం చేశాను. పేరు అడిగితే
తోర్కిల్, మాజీ కసాయి, అన్నాను. నవ్వింది.
నేను నవ్వించడానికి అనలేదు.

రాత్రి తొట్టి ఖాళీ.
ఇంగెలీస రెండుసార్లు తోమి, ముక్కుతో పరీక్ష పెట్టి,
వేణ్ణీళ్ళు తిప్పి తలుపేసుకుంది.
నేను ఇటు పక్క నడవాలో
గొట్టం పోయే గోడకి
దవడ ఆనించి నిలబడ్డాను.