బేర్, బోర్, బార్న్

ఎనిమిదో తరగతి, మధ్యాన్నం మొదటి పీరియడు.
కుందుర్పి హైస్కూల్లో రేకుల గది.
బోర్డు మీద బేర్, బోర్, బార్న్ రాసి
తిరిగి చూసేలోపలే వన్నూరప్ప లేచినాడు.
"నడిమిది నాకు తెలుసు సార్!
మా చేన్లో నాలుగుండాయి.
మూడిట్లో తొండలు పడి చచ్చినాయి.
నాలుగోది చీనీచెట్లు కాపుకొచ్చే దాకా పోసి
గుర్రుమని గాలి కక్కి నిలిచిపాయ."

వెనక బెంచీ నుంచి ఒక ఆవులింత:
"ఈ పాఠమూ అదే సార్."
గది గదంతా నవ్వు. నేనూ నవ్వినా.
బోరింగు కొడితే బిందె నిండుతాది,
పాఠం బోరు కొడితే కన్ను మూతపడతాది,
రెండూ రైటే, కూర్చోండన్నా.

హనుమక్క చెయ్యెత్తింది. ఎత్తీ ఎత్తనట్టు.
"బోరున ఏడ్సేది గూడా అదేనా సార్?"
కాదమ్మా, అది మన మాట, ఇంగ్లీషోళ్లది కాదు.
"ఆ రాత్రి రెండూ ఒగే తావున ఇనపడినాయి సార్,
అందుకడిగినా.
అరచేతిలో టెంకాయ నిక్కి నిలబడిన తావే.
సేలం బండి. అడుగుకింత అని లెక్క.
మా నాయన వేళ్లు మడుస్తా కూర్చున్యాడు.
నూరడుగులకు ఎర్రమన్ను, నన్నూటికి నల్లరాయి,
ఎనిమిదినూర్లకు పిండి. తెల్లగా, జొన్నపిండి మాదిరి.
తెల్లారి చూస్తే
మా అమ్మ రెప్పల మీద గూడా అదే."

ఎవరూ నవ్వలేదు.
నేను సుద్దముక్క కింద పెట్టి చేతులు దులుపుకున్నా,
పోలేదు ఆ తెలుపు.
మూడో అర్థం చెప్పినా, పుస్తకంలో ఉన్నట్టే:
బేర్ అంటే మోయడం, ఓర్చుకోవడం, కనడం.
బోర్ అంటే మోసింది, ఓర్చింది, కనింది.
గడిచిపోయిన కాలం.
రేపటికి తలా ఒక సొంత వాక్యం రాసుకరండి.

పొద్దున టేబుల్ మీద ముప్పయ్యారు నోట్సులు.
వన్నూరప్ప: ద బోర్ బోర్ నో వాటర్.
టిక్కు పెట్టి, వెరీ గుడ్ అని రాయబోయి మానుకున్నా.
ఆవులించినోడు రాయనే లేదు.
హనుమక్కది అట్ట చినిగిన బుక్కు, మూడే మాటలు:
మై మదర్ బోర్.

ఏం మోసింది? ఎవర్ని కనింది? దేన్ని ఓర్చింది?
వాక్యంలో కర్మ లేదు.
ఎర్రపెన్నుతో సున్నా చుట్టి అడగాల నేను,
కర్మ ఏదమ్మా అని.

ఎట్ల అడిగేది ఆ పిల్లను?

పెన్నుకు మూత పెట్టినా.
ఊరి అవతల ఎక్కడో, బెస్తరపల్లి దిక్కున,
ఇంకో బండి మొదలుపెట్టినట్టుంది.